వాలాంబ పంచిపెట్టిన క్రియలు

ఒక పెద్ద అడవిలో వాలాంబ అనే కొండముచ్చు ఉండేది. ఉండేది అనడం కూడా పూర్తిగా నిజం కాదు. ఆవిడ వయసులో ఎక్కువ భాగం పట్నంలోనే గడిచిపోయింది. అక్కడ ఒక ట్యుటోరియల్ కాలేజీ మేడ మీద, కిటికీకి పైనున్న సన్‌షేడ్ ఆవిడ నివాసం. లోపల పరీక్ష తప్పిన పిల్లలకి ఇంగ్లీషు గ్రామర్ చెప్పేవారు. ఏటా అదే మాస్టారు, అదే పాఠం, చాలావరకు అవే పిల్లలు. ఆ పాఠం పిల్లలకి రాలేదు గానీ, కిటికీ బయట కూర్చున్న వాలాంబకి మాత్రం కంఠతా వచ్చేసింది.

ఒక ఏడాది కాలేజీవాళ్లు ఏసీ పెట్టించి కిటికీలు బిగించేశారు. సన్‌షేడ్ మీద ఏసీ పెట్టె వచ్చి కూర్చుంది. వాలాంబ మూటా ముల్లె లేకుండా అడవికి తిరిగొచ్చింది.

అడవిలో ఆవిడకి మర్యాద దక్కలేదు. కొమ్మ మీంచి కొమ్మకి దూకమంటే ముందు చేత్తో కొమ్మ ఊపి చూసుకునేది. చిగుళ్లు తుంచుకోమంటే గోళ్లు నొప్పి అనేది. తమ్ముడి పిల్లలు వెనకాలే తిరుగుతూ "సన్‌షేడ్ అత్తయ్యా!" అని ఏడిపించేవారు. పోనీ అని సర్దుకుందామంటే కడుపు సర్దుకోదు కదా.

అలాంటి రోజుల్లో పక్క అడవి నుంచి ఒక నెమలి రాయబారిగా వచ్చింది. దర్బారులో నిలబడి ఇంగ్లీషులో గడగడా ఏదో చెప్పింది. చెప్పినంతసేపూ దర్పకేసరి మహారాజు గంభీరంగా తలాడించాడు. నెమలి వెళ్లాక తెలిసింది, తాను తలాడించింది కొండవారనున్న వెదురుతోపు పక్క అడవికి ఇచ్చేయడానికని.

మహారాజు జూలు విదిలించి గర్జించాడు. "ఇక మీదట మన దర్బారంతా ఇంగ్లీషులోనే! ఎవడికొచ్చు ఇక్కడ?"

ఎవరికీ రాదు. అప్పుడు వాలాంబ చెట్టు దిగింది. దూకలేదు, జాగ్రత్తగా దిగింది. చేతులు కట్టుకుని, "నాకొచ్చు మహారాజా" అంది. రోజూ ఒక బుట్టెడు లేతచిగుళ్లూ మేడిపళ్లూ ఇచ్చే ఏర్పాటు మీద ఆవిడ భాషా సలహాదారు అయిపోయింది.

మొదటి పాఠానికి అడవి అడవంతా కదిలొచ్చింది.

"వాక్యంలో అసలు సరుకు క్రియ. దాన్నే వెర్బ్ అంటారు" అని మొదలుపెట్టింది వాలాంబ, మాస్టారి గొంతు తెచ్చిపెట్టుకుని. "వెర్బులు రెండు రకాలు. ఒకటి మెయిన్ వెర్బ్. డిగ్ అంటే తవ్వడం, క్యారీ అంటే మొయ్యడం, పుల్ అంటే లాగడం. పనంతా వీటిది. రెండోది హెల్పింగ్ వెర్బ్. షల్, విల్, కుడ్, మే, మైట్, మస్ట్, ఇలాంటివి. ఇవి సాయం చేస్తాయి."

"ఏం సాయమమ్మా?" అని అడిగాడు కోరయ్య. అతను అడవిపంది. ఏటా ఎండలు ముదరకముందే మడుగులో పూడిక తీసేది అతనూ అతని బలగమే.

"ముందు నిలబడతాయి."

"నిలబడి?"

"అంతే, నిలబడతాయి. ఐ షల్ డిగ్ అన్నావనుకో. షల్ ముందు, డిగ్ వెనకాల. తవ్వేది డిగ్. షల్ చెయ్యి కూడా పెట్టదు."

వెనక వరసల్లోవాళ్లు కూడా ముందుకి జరిగారు.

మంత్రి చెవిలింగం మెల్లగా లేచాడు. అతను నక్క. ఏ మాటైనా ఎవరో ఒకరి చెవిలోనే చెప్పడం అతని అలవాటు. ఆ రోజు మాత్రం ఆత్రం పట్టలేక పైకే అనేశాడు. "పని చెయ్యదు. ముందు నిలబడుతుంది. అయినా దాన్ని వెర్బ్ అనే అంటారా వాలాంబగారూ?"

"నిక్షేపంగా అంటారు."

"తీసేస్తే?"

"తీసేసినా వాక్యం నడుస్తుంది. కాకపోతే కాస్త మోటుగా ఉంటుంది."

"ఆహా!" అన్నాడు చెవిలింగం, పెద్ద సంబంధం ఇల్లు వెతుక్కుంటూ వచ్చినంత సంబరంగా.

మహారాజు అసహనంగా తోక కొట్టాడు. "అందరి సంగతీ సరే. మరి నేనేంటి?"

వాలాంబ ఒక అడుగు వెనక్కి వేసింది. క్షణం ఆలోచించి, "తమరు ఈజ్, మహారాజా" అంది.

"అదేం చేస్తుంది?"

"ఏమీ చెయ్యదు. ఉంటుంది. ద లయన్ ఈజ్ గ్రేట్ అంటాం. ఆ మధ్యలో ఈజ్ కదలదు, మెదలదు. అది ఉంది కాబట్టే మిగతావాళ్లకి గ్రేట్ అనే వీలు కలిగింది."

మహారాజు కళ్లు మూసుకుని ఆ మాటని కాసేపు నెమరేశాడు. "ఇన్నేళ్లూ నేను చేస్తున్నది సరిగ్గా ఇదే. పేరు తెలియలేదంతే" అన్నాడు.

అంతటితో ఆగితే పాఠం పాఠంగానే ఉండేది. చెవిలింగం వెళ్లి రాజుగారి చెవిలో ఏదో ఊదాడు. ఆ సాయంత్రమే ఆజ్ఞ వచ్చింది. అడవిలో ప్రతి ప్రాణికీ ఒక వెర్బ్ ఇస్తారు, ఎవరి వెర్బ్ ప్రకారం వాళ్లకి విధులు ఉంటాయి, వెర్బులు పంచే అధికారం వాలాంబది.

మర్నాటి నుంచి వాలాంబ కూర్చునే మద్దిచెట్టు కింద తిరనాళ్లే. సన్‌షేడ్ అత్తయ్య అన్న పిల్లలే ఇప్పుడు "అత్తయ్యా, నీ కాళ్లు నొక్కనా?" అంటున్నారు. రేగుపళ్ల దొన్నె పట్టుకుని ముందుగా వచ్చి చెవిలింగం షల్ తీసుకున్నాడు. పెద్దపులి ఏమీ తేలేదు. చెట్టు కిందకొచ్చి తీరిగ్గా ఒక ఆవులింత ఆవులించింది. వాలాంబ అడక్కుండానే మస్ట్ ఇచ్చేసింది.

కొంగ సందేహమూర్తి ఒంటికాలి మీద నిలబడి, "నాకు మే ఇస్తానన్నారు. దానికన్నా ఇంకాస్త ఎటూ తేలనిది ఏమైనా ఉందా?" అని అడిగాడు.

"మైట్ ఉంది."

"అబ్బ! నా కోసమే పుట్టినట్టుంది."

తాబేలు వచ్చి హ్యాజ్ బీన్ కావాలంది. ఎప్పుడో మొదలుపెట్టి ఇంకా పూర్తవని పనికి అది వాడతారని ఎవరో చెప్పారట. "నా నడకంతా అదే కదమ్మా" అంది.

వాలాంబ పళ్లు తిన్నది, తిని అరక్క పడుకున్నది, లేచి మళ్లీ పంచింది. ఇంత సుఖం పట్నంలో కూడా చూడలేదు. ఆవిడకి నవ్వొచ్చేది. కొమ్మ మీద కూర్చుని తోక ఊపుకుంటూ తనలో తనే కిచకిచా నవ్వుకునేది.

అందరూ అయ్యాక కోరయ్య వచ్చాడు. నోట్లో ఒక తేనెపట్టు. దాన్ని వాలాంబ ముందు పెట్టి మొహం దించుకున్నాడు.

"టీచరమ్మా, మా తోడల్లుడు విల్ అయ్యాడట. మా ఆవిడ నిన్నట్నుంచి నాతో మాట్లాట్లేదు. తవ్వేవాడి పెళ్లాన్ని అనిపించుకోవడం నావల్ల కాదంటోంది. నాకూ ఏదో ఒక హెల్పింగ్ ఇప్పించండి."

"నువ్వు కూడా పోతే డిగ్ ఎవరయ్యా?"

"ఎవరో ఒకరు ఉండకపోతారా అమ్మా, ఇంత అడవిలో!"

వాలాంబ ఒక్క క్షణం తటపటాయించింది. ఆ క్షణంలోనే తేనె వాసన ముక్కు దాకా వచ్చింది. "కుడ్ మిగిలింది. చెయ్యగలడు, అయినా చెయ్యలేదు, అని అర్థం" అంది.

కోరయ్య మొహం వెలిగిపోయింది. "భలే ఉందమ్మా! చెయ్యగలనని నలుగురికీ తెలుస్తుంది, చేసే బాధ ఉండదు."

ఇంతలో ఒక గొడవ వచ్చి పడింది. దర్బారు బంట్రోతు ఒక కుందేలు. ఒక మిట్టమధ్యాహ్నం కబురు చెప్పడానికి వచ్చి, ఆ కబురు కాస్త సాగదీశాడు. మహారాజుకి ఆకలి వేళ. కబురు సగంలో ఆగిపోయింది, బంట్రోతు కనబడలేదు. దర్బారు సిబ్బందిని తినకూడదని చట్టం ఉంది. చేసింది మహారాజే. బంట్రోతు భార్య గరికమ్మ పిల్లల్ని వెంటేసుకుని, కుందేళ్లందరితో వచ్చి దర్బారు ముందు కూర్చుంది.

మహారాజు వాలాంబని లోపలికి పిలిపించాడు. "దీనికి నీ గ్రామర్లో ఏమైనా దారి ఉందా?"

ఉంది. వాలాంబ నేల చూస్తూ చెప్పింది. "రాజుగారు కుందేలుని తిన్నారు అంటే అది యాక్టివ్ వాయిస్, మహారాజా. అందులో తిన్నవాడు ముందుంటాడు. ప్యాసివ్ వాయిస్ అని ఇంకోటుంది. అందులో కుందేలు తినబడెను అంటాం. తిన్నవాడి పేరు చివర పెట్టినా సరే, పెట్టకపోయినా సరే. గ్రామర్ ఒప్పుకుంటుంది."

చెవిలింగం బయటికొచ్చి ప్రకటించాడు. "కుందేలు తినబడెను. ఇందుకు దర్బారు విచారిస్తున్నది."

"ఎవరు తిన్నారు?" అంది గరికమ్మ.

"ఈ వాక్యంలో ఆ ప్రశ్నకి చోటు లేదమ్మా."

గరికమ్మ వాలాంబ వైపు చూసింది. వాలాంబ ఆకాశం వైపు చూసింది.

ఆ రోజు నుంచి అడవికి ప్యాసివ్ పిచ్చి పట్టుకుంది. ఎలుగుబంటి మూతికి తేనె పూసుకుని, "పట్టు పిండబడింది" అనేది. సందేహమూర్తి గొంతులో చేప కొట్టుకుంటుంటే, "చేపలు తగ్గింపబడి ఉండవచ్చు" అనేవాడు. కోతిపిల్లలు రాళ్లేసి పిచ్చుకగూళ్లు పడగొట్టి, "పడగొట్టబడ్డాయి! పడగొట్టబడ్డాయి!" అని పాటలు కట్టి గంతులేశారు. ఒకరోజు వాలాంబ నిద్రలేచేసరికి తన పళ్లబుట్టే ఖాళీగా ఉంది. చుట్టూ తమ్ముడి పిల్లలు మూతులు తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆవిడ నోరు తెరిచేలోపే, "ఖాళీ చేయబడింది అత్తయ్యా!" అన్నారు ముక్తకంఠంతో.

ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయింది. మడుగులో నీళ్లు అడుగంటి, బురద మీద పెచ్చులు లేచాయి. పూడిక తీస్తే గానీ ఊట రాదు. మహారాజు అందర్నీ మడుగు దగ్గరికి రమ్మన్నాడు.

అందరూ వచ్చారు. వచ్చి గట్టు మీద వరసగా నిలబడ్డారు.

"ఊఁ, కానివ్వండి" అన్నాడు మహారాజు.

"షల్!" అన్నాడు చెవిలింగం ఠీవిగా.

"మస్ట్!" అంది పులి.

"మైట్" అన్నాడు సందేహమూర్తి.

"కుడ్" అన్నాడు కోరయ్య. పక్కనున్న పెళ్లాం మెచ్చుకోలుగా చూసింది.

తాబేలు అప్పుడే వచ్చి రొప్పుతూ, "హ్యాజ్ బీన్" అంది.

చివర్న మహారాజు కూడా ఒకసారి గొంతు సవరించుకుని "ఈజ్" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బురద మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉంది.

"ఎవడూ దిగడేం?" అని అరిచాడు మహారాజు.

"మేమంతా ముందు నిలబడేవాళ్లం మహారాజా. వెనకాల రావాల్సిన మెయిన్ వెర్బ్ ఇంకా రాలేదు" అన్నాడు చెవిలింగం. అని రాజుగారి చెవి దగ్గర మూతి పెట్టాడు. మహారాజు కళ్లు మెల్లగా వాలాంబ వైపు తిరిగాయి. అందరికీ వెర్బులు పంచిన ఆవిడ తనకంటూ ఏదీ ఉంచుకోలేదు. ఉంచుకోవాలని తట్టలేదు. మిగిలింది ఒక్కటే.

"డిగ్!" అన్నాడు మహారాజు.

"మహారాజా, నా గోళ్లు..."

"తవ్వుతావా? లేక ప్యాసివ్ వాయిస్‌లో ఉంటావా?"

ప్యాసివ్ వాయిస్‌లో ఉండాలని వాలాంబకి లేదు. బురదలోకి దిగింది.

ఎండ నడినెత్తిన ఉంది. పైన గట్టు నిండా అడవి అంతా ఒకే ఒక పొడుగాటి క్రియలా బారులు తీరి నిలబడి ఉంది. కింద వాలాంబ ఒక్కతే. పెచ్చు తీస్తే కింద ఇంకో పెచ్చు. చేతులు బొబ్బలెక్కాయి. తోక బురదలో తడిసి మోకుతాడంత బరువైంది. గట్టు మీంచి సలహాలు మాత్రం జల్లులా కురుస్తున్నాయి. "షల్ అని ఇందాకే అన్నాను!" "మస్ట్, తెలిసిందా, మస్ట్!" "అక్కడ నీళ్లు ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు."

కాసేపటికి గరికమ్మ అంచుకొచ్చి తొంగిచూసింది. "తవ్వబడుతోందా అమ్మా?" అంది.

వాలాంబ చెయ్యి ఆగింది. మొహం మీద బురద తుడుచుకుని, గొంతు తగ్గించి, "నీ మొగుణ్ణి రాజుగారే తిన్నారమ్మా" అంది.

"అది నాకు తెలుసు. ఆ మాట చెప్పడానికి మీకు నోరొస్తుందా అనే చూశాను." గరికమ్మ వెనక్కి తిరుగుతూ, "పిల్లలకి నిన్నట్నుంచి నీళ్లు లేవు" అని వెళ్లిపోయింది.

వాలాంబకి ఏడుపొచ్చింది. ఏడుపులోంచి కోపం వచ్చింది. కోపంలోంచి, ఎందుకో, మాస్టారి గొంతు వచ్చింది. పరీక్షల ముందు బెత్తం పట్టుకుని ఆయన పిల్లల చేత వల్లె వేయించే వరస ఒకటి ఉండేది. ఆవిడ మట్టి ఎత్తిపోస్తూ ఆ వరస అందుకుంది.

"డిగ్, డగ్, డగ్! డిగ్, డగ్, డగ్!"

"ఏమిటా పాట?" అన్నాడు చెవిలింగం.

"పాట కాదు, ఇది డిగ్ గారి వంశం. మామూలు వెర్బులకి గతం కావాలంటే చివర ఈడీ అతికించుకోవాలి. అది రూలు. ఈ డిగ్‌కి ఆ రూలు లేదు. దీన్ని ఇర్రెగ్యులర్ వెర్బ్ అంటారు."

గట్టు మీద అందరి చెవులూ నిక్కాయి.

"రూలు లేదా?" అన్నాడు చెవిలింగం.

"వర్తించదు. డిగ్, బ్రేక్, టేర్, త్రో, వీటన్నిటిదీ పెద్ద కుటుంబం. వీటిని ఎవరూ ఏమీ అనలేరు. మీ మస్ట్ ఉంది చూశారూ, దానికి గతమే లేదు. ఊరూ పేరూ లేని వెర్బ్. మీ హెల్పింగ్ వాళ్లలో సగం మందిని గ్రామర్ పుస్తకాల్లో డిఫెక్టివ్ అంటారు."

పులి గుర్రుమంది. "ఎవర్నే డిఫెక్టివ్ అంటున్నావ్?"

"నేననలేదండీ" అంది వాలాంబ తవ్వుతూనే. "అనబడింది."

ముందుగా దూకింది కోరయ్య పెళ్లాం. "ఏవయ్యా, మనది పుట్టుకతోనే ఇర్రెగ్యులర్ వంశమటగా! చేతిలో ఉన్నది పారేసి కుడ్ తెచ్చుకున్నావా!" అని మొగుణ్ణి ఒక్క తోపు తోసి తనూ దిగింది. వెనకాలే పందుల బలగమంతా. చెవిలింగం నాలుగు దిక్కులూ చూసి, పులి కన్నా ముందు దూకాడు. పులి వాడి మీద దూకింది. ఏనుగులు పూడిక ఎత్తి గట్టవతల పోశాయి. సందేహమూర్తి కూడా దూకవచ్చునా అనుకుంటూనే ముక్కుతో బురద పొడిచాడు. "డిగ్, డగ్, డగ్!" అని అడవంతా మారుమోగింది. ఎవరి మొహం ఎవరిదో తెలియకుండా బురద. ఒకర్నొకరు నెట్టుకోవడం, పడటం, పకపకా నవ్వడం. పనికి ఇంత పోటీ ఆ అడవి ఎప్పుడూ చూడలేదు.

మహారాజు అనుమానంగా అడిగాడు. "మరి ఈజ్?"

"అన్నిటికన్నా ఇర్రెగ్యులర్ అదే మహారాజా. ఈజ్, వాజ్, బీన్. ఒకదానికొకటి పోలికే లేదు."

ఆయన తృప్తిగా కూర్చున్నాడు.

పొద్దు వాలకముందే ఊట తగిలింది. ముందు తడి, తర్వాత బుడగ, ఆ తర్వాత చల్లటి నీళ్లు కాళ్ల చుట్టూ గలగలా లేచాయి. వాలాంబ దోసిలి పట్టి తాగింది. బొబ్బలెక్కిన చేతుల్లో ఆ నీళ్లు చురుక్కుమన్నాయి. ఇన్నాళ్లు తిన్న మేడిపళ్లలో ఒక్కటీ ఇంత తియ్యగా లేదు. పక్కన గరికమ్మ పిల్లలు మూతులు ముంచి తాగుతుంటే చూస్తూ ఆవిడ చాలాసేపు నీళ్లలోనే నిలబడిపోయింది.

తెల్లారేసరికి అసలు సంగతి బయటపడింది. ఇప్పుడు అడవిలో అందరూ ఇర్రెగ్యులరే. ఏనుగులు తాగే రేవులో స్నానాలు చేశాయి. వరసలో రమ్మంటే, "మాకు రూలు వర్తించదు" అన్నాయి. నీళ్ల దగ్గర వేటాడకూడదని తాతలనాటి కట్టుబాటు. పులి మడుగు పక్కనే పొంచి కూర్చుంది. దుప్పులు నీళ్లు చూస్తూ దాహంతో నిలబడ్డాయి. మహారాజు నీళ్లు తాగడానికి వంగితే పందిపిల్లలు ఆయన్ని పక్కకి తోసి దొర్లాయి.

ఆయన జూలంతా బురదతో వచ్చి వాలాంబ ముందు నిలబడ్డాడు. "రూల్లేనివాళ్లని తయారుచేశావు. ఇప్పుడు నిన్ను నేనేం చెయ్యాలి? యాక్టివ్ వాయిస్‌లోనే అడుగుతున్నాను."

వాలాంబకి మాస్టారి పాఠంలో చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు. అన్నీ అయిపోయాయి. నోటికొచ్చింది అనేసింది.

"చిక్కంతా ఇంగ్లీషుది మహారాజా. మన భాషకి వచ్చేద్దాం. తమరు ఒక్కసారి, నేను రాజుని, అనండి."

"నేను రాజుని."

"ఇందులో క్రియ ఏదీ?"

మహారాజు వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. "నేను. రాజుని." ఇటు చూశాడు, అటు చూశాడు. "లేదే!"

"లేదు. అయినా వాక్యం ఎంత పుష్టిగా ఉందో చూడండి. ఇతను మంత్రి. అది మడుగు. ముందు దుప్పులు, తర్వాత ఏనుగులు, చివర పులి. ఎక్కడా క్రియ లేదు. పనే లేకుండా అంతా నడిచిపోతుంది."

మహారాజు కళ్లలో ఆనందబాష్పాలు తిరిగాయి. "ఇంత గొప్ప భాష ఇంట్లో పెట్టుకుని ఊరంతా తిరిగామా!" అని ఆ క్షణమే ఆజ్ఞ వేశాడు. క్రియలన్నీ రద్దు. వాలాంబ ఆస్థాన పండితురాలు. వెర్బులు పోయాయని ఎవరూ బాధపడలేదు, ఎవరి పేరు వాళ్లకి మిగిలింది కదా. నీళ్లరేవు దగ్గర వరస కుదిరింది. పులి చివర నిలబడి, "చివర పులి" అని తన వాక్యాన్ని తానే మెచ్చుకుంది.

వానలొచ్చాయి. వరద గుట్టల మీది మట్టినంతా తెచ్చి మళ్లీ మడుగులో పోసింది. చెవిలింగం దర్బారుకి నివేదించాడు: "మడుగులో మట్టి."

ఎంత చక్కటి వాక్యం, క్రియ పొల్లు కూడా లేదు, అని సభంతా చప్పట్లు కొట్టింది. వాలాంబ కూడా కొట్టింది. ఆవిడ అరచేతుల్లో బొబ్బలు అప్పటికి మానిపోయాయి.

నీతి: పని చేసేవాడు దొరకలేదని ఏ రాజ్యమూ దిగులుపడక్కర్లేదు, వ్యాకరణం మార్చుకుంటే సరిపోతుంది.